ఎవరూ నొక్కని లింకు

ఆ ఉదయం కంప్యూటర్లు చూసే ఇనగాకి వేసుకున్న పథకం చాలా చిన్నది. హిగాషి ఒసాకాలోని ఆ బోల్టుల కంపెనీలో నెట్‌వర్క్‌కు కాపలా కాసే ఫైర్‌వాల్‌కు తొమ్మిదేళ్లు నిండాయి. కొత్తది కొనండి మహాప్రభో అని అతను మూడేళ్లుగా మొత్తుకుంటున్నాడు. రేపు ఏ దొంగో చొరబడితే సంజాయిషీ చెప్పి ఉద్యోగం పోగొట్టుకోవలసింది తనే మరి!

"ఎనిమిది లక్షల యెన్లా! మనవాళ్లు మోసపోతారని ముందు పైసా ఖర్చు లేకుండా రుజువు చెయ్యి. తర్వాత చూద్దాం" అన్నాడు ప్రెసిడెంటు కురహాషి.

రుజువెంతసేపు! తొమ్మిదింటికల్లా ఇనగాకి ఒక దొంగ మెయిలు తయారుచేసి అందరికీ పంపాడు. 'శుక్రవారం కంపెనీ ఖర్చుతో మలుగు చేప భోజనం. కావలసినవారు ఈ లింకు నొక్కండి.' అసలే నడివేసవి, ఊరంతా మలుగు చేప తినే రోజులు. నొక్కకుండా ఎవడుంటాడు?

పదకొండైనా ఒక్కడూ నొక్కలేదు. ఉండబట్టలేక ఆఫీసు వ్యవహారాలు చూసే మురోయి దగ్గరికి వెళ్లాడు.

"మెయిలు చూశారా, మురోయి గారూ?"

"చూడకపోవడమేంటండీ! ప్రింటు తీసి, అందరి పేర్లూ రాయించి, మా సెక్షన్ హెడ్ ముద్ర వేయించి పైకి పంపేశాను కూడా."

"మరి లింకు?"

"పైవాళ్ల ముద్రలు పడకుండానే నొక్కేస్తామా? ఎంత మాట!"

అక్కడ సంతకానికి బదులు ఎవరి పేరు ముద్ర వాళ్లు కొడతారు, అన్నీ పడితే ఇక తిరుగులేదు. ఇనగాకి ఆ కాగితం వెనకాల పరుగెత్తాడు. అది అప్పటికే అకౌంట్సు దాటి ఫ్యాక్టరీకి పోయింది. అక్కడి మేనేజరు తాపీగా టీ తాగుతున్నాడు.

"అప్పుడే ముద్ర కొట్టేశారా?"

"నా ముందు ఏడుగురు కొట్టారయ్యా. నేనొక్కణ్ణే నాకేం తెలీదంటే పరువేం కాను?"

చివరికి కాగితం ప్రెసిడెంటు గదిలో దొరికింది.

"ప్రెసిడెంటు గారూ, అది ఉత్తుత్తి మెయిలండీ! నేనే పంపాను!"

కురహాషి కళ్లజోడు సర్దుకుని కాగితాన్ని పైనుంచి కిందిదాకా చూశాడు. "పదకొండు ముద్రలున్నాయి. ఉత్తుత్తిదెలా అవుతుందోయ్?"

"మీరు అడిగారని పెట్టిన పరీక్షండీ..."

"ఓహో, అదా! ఎంతమంది నొక్కారు?"

"ఎవరూ... నొక్కలేదండి."

"చూశావా! ఇంత జాగ్రత్త గల మనుషులుండగా ఇంకా ఆ కొత్త ఫైర్‌వాల్ పెట్టెందుకు, దండగ! ఆ డబ్బు చేపలకు మళ్లించు. ఇప్పుడు లేదంటే కింద జనం నన్ను బతకనిస్తారా?" అంటూ కురహాషి తన ముద్ర కూడా కొట్టేశాడు. "నీదొక్కటే తక్కువ. వెయ్యి."

వాదించే ఓపిక ఇనగాకికి లేదు. మూడేళ్ల నీరసం ఒక్కసారిగా ఒంట్లోకి దిగింది. జేబులోంచి ముద్ర తీశాడు. పైవాళ్ల ముద్ర పక్కన తన ముద్ర నిటారుగా వేయకూడదన్న ఆఫీసు మర్యాద తెలిసినవాడు కనుక, అది ప్రెసిడెంటు ముద్రకు దణ్ణం పెడుతున్నట్టు కాస్త వంచి వేశాడు.