కెంజెబెక్ జరిపిన గోడ

కిర్గిజ్ దేశపు నరిన్ పట్టణంలో తనకు తెలియని విద్య లేదని కెంజెబెక్ అభిప్రాయం. ఇరుగుపొరుగు అభిప్రాయం అతను ఎప్పుడూ అడగలేదు.

ఇంట్లో ఉన్నది ఒకటే లినక్స్ కంప్యూటర్. దాని డిస్కులో పెద్ద వాటా భార్య కుందుజ్‌ది. పెళ్లిళ్లకూ విందులకూ ఆమె తీసే వీడియోలన్నీ అందులోనే. చిన్న వాటా కెంజెబెక్‌ది, దాని నిండా గుర్రాల మీద ఆడే కోక్-బోరు పోటీలే. కొత్త పోటీలకు చోటు చాలక, ఆమె బజారుకెళ్లిన సమయం చూసి, రెండు వాటాల మధ్య గోడను, అంటే పార్టిషన్ హద్దును, ఆమె వైపుకు జరిపేశాడు.

తీరా చూస్తే తన వైపు చోటు అంగుళం పెరగలేదు. ఆమె వాటా అసలు తెరుచుకోవడమే మానేసింది. ఫైల్ సిస్టమ్, దానికి ఉన్న చోటు కన్నా పెద్దదిగా ఉందని కంప్యూటర్ మొరాయించింది.

సాయంత్రం అత్తగారింట్లో బంధువులందరికీ చూపించాల్సిన వీడియో అందులోనే ఉంది. కాలం చేసిన మామగారు మూడు తీగల కొముజ్ వాయిస్తున్న దృశ్యం ఇంకెక్కడా లేదు.

కుందుజ్ వచ్చి తెర చూసి, ఎప్పటిలాగే కూతురి పేరుతో భర్తను పిలిచింది. "ఐజాన్ నాన్నా, ఏం చేశారు?"

"నేనేం చేశాను? ఎండకు డిస్కు కుంచించుకుపోయినట్టుంది."

"బయట మంచు పడుతోంది."

"అయితే చలికే."

"చలికి నాది చిక్కిపోయి మీదొక్కటే ఒళ్లు చేసిందా?"

కెంజెబెక్ మాట మార్చి, మరమ్మతు మొదలుపెట్టే మీట మీదికి వేలు పోనిచ్చాడు. ఆమె చేతి మీద ఒక్కటిచ్చింది.

"అది నొక్కితే గదిలో పట్టనిదంతా చెత్త కింద ఊడ్చేస్తుంది. గోడ జరిపాక మీ వైపు అరలు కూడా పెంచారా?"

"అరలా? అవి వేరే పెంచాలా?"

కుందుజ్ ఊపిరి పీల్చుకుంది. "ఫైల్ సిస్టమంటే అరలేనండీ. గోడ జరిపితే అవి వాటంతటవి పెరగవు. పెంచలేదు కాబట్టే నా సామాను మీద మీది పడలేదు."

గోడను మళ్లీ పాత చోటికే నెట్టింది. మామగారు కొముజ్‌తో సహా తెర మీదికొచ్చారు. కుందుజ్ కళ్లు తుడుచుకుంది. కెంజెబెక్ ఛాతీ పొంగింది.

"చూశావా? పని పూర్తిగా తెలిసినవాడైతే ఈపాటికి మీ నాన్నను తుడిచేసేవాడు. నేను కాబట్టి మిగిలారు."

ఆ సాయంత్రం అత్తగారింట్లో కొముజ్ మోగుతుంటే అందరూ ఏడ్చారు. కెంజెబెక్ మాత్రం పక్కవాళ్లందరికీ చెప్పుకున్నాడు, "మా ఆవిడే తీసింది, మా ఆవిడే కాపాడింది" అని.

ఇంటికొచ్చి కంప్యూటర్ తెరిస్తే అతని వాటా సగమై ఉంది.

"నా చోటేది?"

"ఒక్కో పోటీని మూడేసిసార్లు దాచుకున్నారు. ఇందాక మీరు తయారవుతుంటే ఒక్కోటి ఉంచి, ముందు అరలు తగ్గించి, ఆ తర్వాతే గోడ జరిపాను."

తప్పు పట్టడానికి కెంజెబెక్ తెరంతా వెతికాడు. ఒక్కటీ దొరకలేదు.

"ఇంత బాగా ఎవరు నేర్పారే నీకు?"

"పెళ్లయిన కొత్తలో మీరే. సగం చెప్పి ఆపేశారు, మిగతా సగం నేను నేర్చుకున్నాను."

ఆ మొదటి సగం తనదే అయినందుకు కెంజెబెక్ కాసేపు గర్వపడి, టీ పెట్టడానికి లేచాడు.