నా కన్నాలకు కన్నం వేసినవారికి దండం

"కేసు పెడదాం," అన్నారు మావారు, నాలుగోసారి.

"వద్దు, సన్మానం చేద్దాం," అన్నాను నేను, ఐదోసారి.

"కన్నాలకోసం కేసేమిట్రా?" అన్నారు మా అత్తగారు. ఆవిడ ఎన్నోసారి అన్నారో ఎవరూ లెక్కపెట్టలేదు.

మూడు రోజులు మా ఇంట్లో నడిచిన గొడవ ఇదే. జరిగింది జరిగినట్టు చెబుతాను, తీర్పు మీరే చెప్పండి. నా పక్షాన చెబితే మరీ సంతోషం.

నేను ఊలుతో లేసు శాలువాలు అల్లుతాను. డిజైను కూడా నాదే. గళ్ల కాగితం మీద గడికో కుట్టు చొప్పున గీసుకోవడం, అల్లి చూడటం, నచ్చక విప్పడం, మళ్లీ గీయడం. ఇంతకీ లేసంటే ఏమిటి? పద్ధతిగా వేసిన కన్నాలు! దారాన్ని సూదికి ఒక చుట్టు చుడితే ఒక కన్నం పడుతుంది. పక్కనే రెండు కుట్లు కలిపి అల్లితే లెక్క సరిపోతుంది. అంతే రహస్యం. కన్నం తప్పుచోట పడితే చిరుగంటారు, సరైన చోట పడితే కళంటారు.

అలా ఎనిమిది నెలలు కూర్చుని తొంభై ఆరు వరసల నమూనా ఒకటి తయారుచేశాను. "వానచినుకు శాలువా" అని పేరు పెట్టాను. అడిగినవాళ్లందరికీ ఊరికే ఇచ్చాను. ప్రతిఫలంగా నేను కోరింది ఒకటే. కాగితం అడుగున నా పేరు రాసి, "ఎవరికి పంపినా ఈ పేరుతో సహా పంపండి" అని ఒక్క లైను చేర్చాను.

మొన్న ఇంటర్నెట్‌లో చూద్దును కదా, నా వానచినుకు, ఒక్క చినుకైనా పొల్లుపోకుండా, "ముత్యాల జల్లు" అనే కొత్త పేరుతో ప్రత్యక్షం! పెట్టినావిడ తనకు తానే "సూదుల రాణి" అని బిరుదిచ్చుకుంది. కింద మూడొందల మంది, "అబ్బ, ఇంత ఐడియా ఎలా వచ్చిందండీ మీకు!" అని మురిసిపోతున్నారు. నా పేరుండాల్సిన చోటు మాత్రం గుండు గీసినట్టు నున్నగా ఉంది.

కన్నాలు వేసింది నేను. కన్నం వేసింది ఆవిడ!

అయ్యో అనబోతున్నారా? అనకండి. కాస్త నిదానంగా ఆలోచిస్తే ఇందులో ఎన్ని లాభాలున్నాయో మీకే తెలుస్తుంది.

ఖాళీ ఇంటికి ఎవరైనా కన్నం వేస్తారా? ఎనిమిది నెలలు ఆ శాలువా మా ఇంట్లోనే తిరిగింది. మావారు దాన్ని దోమతెర అనుకున్నారు. అత్తగారు, "ఇన్ని కన్నాలుంటే చలెలా ఆగుతుందమ్మా?" అని జాలిపడ్డారు. మా అమ్మాయి దాన్ని కప్పుకుని ఫొటో దిగి, ఫొటో బాగా వచ్చిందంది. అందులో దొంగిలించదగ్గ వస్తువొకటి ఉందని మొట్టమొదట కనిపెట్టిందెవరు? దొంగే కదా!

ఇక ఉత్తరాల బెడద. డిజైన్లు పంచిపెట్టినవాళ్లకే తెలుస్తుంది ఆ సుఖం. "మేడమ్, చాలా బావుంది, కన్నాలు లేకుండా అల్లొచ్చా?" "మేడమ్, నేనింకా మొదటి వరసలోనే ఉన్నాను, తొంభై ఆరో వరస అయ్యాక ఏం చెయ్యాలి?" ఒకావిడైతే, "నాకు పన్నెండు కుట్లు తక్కువొచ్చాయి, మీ దగ్గరేమైనా మిగిలాయా?" అని అడిగింది. ఉంటే కవర్లో పెట్టి పంపేదాన్నే! ఈ ప్రశ్నలన్నీ ఇప్పుడు రాణిగారి దర్బారుకి పోతున్నాయి. జీతం లేని గుమాస్తా దొరికితే వద్దంటానా?

తప్పుల సంగతి సరేసరి. నలభై మూడో వరసలో ఒక చుట్టు రాయడం మరిచిపోయాను. అక్కడ ఒక కుట్టు తగ్గిపోయి, ఆ పైనుంచి చినుకులన్నీ ఎడమవైపుకి వాలిపోతాయి. ఆ తిట్లెవరికి? రాణిగారికే! కాకపోతే ఒకావిడ, "గాలివానలా భలే ఏటవాలుగా పెట్టారండీ, ఏం ప్రతిభ!" అని మెచ్చుకుంది. ఆ ఒక్కచోట నాకు కాస్త కడుపుమండిన మాట నిజం. నా తప్పుకొచ్చిన పొగడ్త నాకు రావద్దూ?

ఇంత చెప్పినా మావారి చెవికెక్కలేదు. ఆయన ఆఫీసులో రికార్డుల సెక్షన్ చూస్తారు.

"పేరు పీకెయ్యడమంటే ఏమనుకున్నావ్? అసలు మనిషినే పీకేసినట్టు! ఇలాంటివాళ్లని ఊరికే వదలకూడదు," అని తినే కంచం ముందు కూర్చుని బల్ల గుద్దారు. ఇరవై రెండేళ్ల కాపురంలో నా అల్లిక గురించి ఆయన ఆవేశపడటం ఇదే మొదలు. నాకు ముచ్చటేసింది. చూశారా, ఆ పుణ్యమూ దొంగదే!

నిన్న పొద్దున మా అమ్మాయికి విసుగొచ్చింది. "మీరిద్దరూ తర్వాత కొట్టుకోండి. ముందు ఆవిడేమంటుందో అడుగుదాం," అని రాణిగారికి మెసేజ్ పెట్టేసింది. పది నిమిషాల్లో ఫోనొచ్చింది.

"అయ్యో అక్కా, అది మీదా? నాకు పేరు లేకుండానే వచ్చిందండీ. ఏదో ఒక పేరుండాలి కదాని ముత్యాల జల్లు అన్నాను. అందరూ పొగిడేస్తుంటే కాదనడానికి నోరు రాలేదు, తప్పే. ఇప్పుడే మీ పేరు వేసేస్తాను. కానీ ఒక్క మాట చెప్పండి. నలభై మూడో వరసలో చుట్టు ఒకటి తప్పిపోయిందా, కావాలనే వదిలేశారా? ఆరుసార్లు విప్పి అల్లానక్కా! అడుగుదామంటే మీరెవరో తెలీదాయె."

దొంగ ఇంత బాగా మాట్లాడితే ఎవరైనా ఏం చేస్తారు? తప్పిపోయిందని ఒప్పేసుకున్నాను.

మరి పేరు కోసిందెవరు? అమ్మాయి తీగ లాగడం మొదలుపెట్టింది. రాణిగారికి పంపింది తన ఆఫీసులో పక్కసీటావిడ. ఆవిడకి పంపింది కుట్టుపని నేర్పే టీచరు. టీచరుకి పంపింది ఎవరో కాదు, సాక్షాత్తూ మా ఆడపడుచు.

"నాకేం తెలుసొదినా?" అంది ఆడపడుచు స్పీకర్లో. "అన్నయ్య ఎలా పంపాడో అలాగే పంపాను. పేరూ గీరూ ఏం లేదే అందులో!"

అందరం మావారి వైపు తిరిగాం.

"కింద ఏదో లైనుంటే తీసేశాను," అన్నారు మావారు, అందరినీ వదిలేసి గోడకి చెబుతున్నట్టు. "ఆ ఒక్క లైనుకోసం రెండో పేజీ అవుతోంది. నీట్‌గా ఉంటుందని..."

"అదేం లైనో చదివావా నాన్నా?"

"అన్నీ కన్నాలే కదే! చదవడానికేముంది?"

"ఇప్పుడు చెప్పరా," అన్నారు అత్తగారు, "కేసు ఎవరి మీద?"

పాఠకులారా! దొంగల వల్ల లాభాలున్నాయని నేను ఇంతసేపూ వాదించింది సరదాకే. అది అక్షరాలా నిజమని నాకే ఆలస్యంగా తెలిసింది. నేను దొంగ అనుకున్న మనిషి తొంభై ఆరు వరసలూ చదివింది, నా తప్పుతో సహా. నా ఇంటి మనిషి తొంభై ఏడోది, నా పేరున్న ఒకే ఒక్క లైను, కత్తిరించడానికైనా చదవలేదు.

ఈ మధ్యాహ్నం అందరూ భోజనానికి కూర్చున్నాక, గ్లాసుల్లో నీళ్లు పోస్తూ, గొంతు పెంచకుండా చెప్పాను.

"కొత్త నమూనా పూర్తయింది. రేపు రాణికి పంపుతున్నాను, తప్పులు చూసిపెడుతుంది. ఆ తర్వాత అడిగిన ప్రతివాళ్లకీ పంపుతాను. ఈ ఇంట్లోవాళ్లకి మాత్రం పంపను. కావలిస్తే బయటివాళ్లనెవరినైనా అడిగి తెప్పించుకోండి. నా పేరుతో సహా వస్తుంది."