సున్నుండల డబ్బాకి సెన్సర్

పౌలుకి షుగర్ ఇంకా రాలేదు, గుమ్మం దాకా వచ్చింది. డాక్టర్ ఆ మాట అన్న రోజే అత్తగారు భీమవరం నుంచి డబ్బా నిండా సున్నుండలు పంపారు. కొందరి అదృష్టం అంతే.

అతని భార్య రెబెక్కా నర్సు. "ఆదివారం దాకా ఒక్కటీ ముట్టుకోకపోతే, చర్చి నుంచి వస్తూ కొత్తగూడలో బిర్యానీ అండీ. ముట్టుకున్నారో, నెలంతా రాగి జావే."

"నువ్వు డ్యూటీకి పోతే తింటనని నీ అనుమానం. అంతేనా? డబ్బా మూతకి సెన్సర్ పెడ్త, ఇగ నీకు ఫికరుండదు!" అన్నాడు పౌలు, మహా నిజాయితీపరుడిలా.

హైటెక్ సిటీలో అతని ఆఫీసువాళ్లకి ఒక కొత్త సాఫ్ట్‌వేర్ ఇంజన్ కావాలి. ఊళ్లు తిరిగే లారీల కబుర్లన్నీ ఎప్పటికప్పుడు పట్టుకుని చెప్పాలది. అది పనికొస్తుందో లేదో తేల్చే బాధ్యత పౌలుది. లారీల కంటే ముందు డబ్బాని దానికి తగిలించాడు. మూత తీస్తే చాలు, రెబెక్కా ఫోన్ "డబ్బా మూత తీశారు" అని అరుస్తుంది.

నెట్ వైరు పీకేస్తే మాత్రం అరవదు. ఆ సంగతి పౌలుకొక్కడికే తెలుసు.

ఆమె డ్యూటీకి వెళ్లడం ఆలస్యం, వైరు పీకేవాడు. లాగించాల్సింది లాగించి, మూతి తుడుచుకుని, మళ్లీ వైరు పెట్టేవాడు. నెట్ వచ్చాక ఆలస్యంగా చేరే కబుర్లని ఇంజన్ పైకి చెప్పకుండా పక్కన పెట్టేలా సెట్టింగ్ కూడా మార్చాడు. ఖాళీ అయిన అడుగున కాగితం ఉండలు కూరి, పై వరస నీటుగా పేర్చేవాడు. ఆఫీసు పని మీద కూడా ఎన్నడూ అంత శ్రద్ధ పెట్టి ఎరగడు.

శనివారం ఇంటి నుంచే డెమో. వీడియో కాల్‌లో బాస్ ప్రియదర్శిని అడిగింది. "పౌలు గారూ, మధ్యలో నెట్ పోతే ఆ డేటా ఏమవుతుంది?"

"అది... జర లేటుగ వస్తది మేడం. పక్కన పెట్టినం."

"పక్కన పెడితే మనకెందుకండీ? లారీ అడవిలో ఉందనుకోండి, అప్పుడేం చేస్తాం? ఈ ఇంజన్ వద్దులెండి."

పౌలుది నెలల కష్టం! ఇంజన్ పరువు నిలవాలంటే తన పరువు పోవాలి. వంటింట్లో కుక్కర్ మోతలో రెబెక్కాకి ఫోన్ వినపడదులే అనుకుని, దేవుణ్ణి తలుచుకుని, సెట్టింగ్ తిప్పేశాడు.

సరిగ్గా అప్పుడే కుక్కర్ ఆగింది.

"సోమవారం, డబ్బా మూత తీశారు. సోమవారం, డబ్బా మూత తీశారు. మంగళవారం..."

రెబెక్కా ఆ ఫోన్ పట్టుకుని వచ్చి కెమెరా ముందు నిలబడింది. ఫోన్ ఇంకా బుధవారంలోనే ఉంది.

"ఒక్కటి కూడా పోలేదు! సూపర్ పౌలు గారూ!" అంది బాస్.

"ఈ ఇంజనే తీసుకోండి మేడం. మా ఆయన అబద్ధమాడినా ఇది ఆడదు," అంది రెబెక్కా.

ఆదివారం చర్చి నుంచి తిన్నగా ఇంటికే వచ్చారు. పౌలు తలొంచుకుని జావ తాగుతున్నాడు. డెమో అయ్యాక ఆ కబుర్లు తనకీ వచ్చేలా పెట్టుకున్న ఫోన్ జేబులో అరిచింది. "డబ్బా మూత తీశారు."

తలెత్తి చూస్తే, రెబెక్కా బుగ్గన సున్నుండ.

"ఇదేందే?"

"టెస్టింగ్ అండీ. నెట్ ఉన్నప్పుడు కూడా పనిచేస్తుందో లేదో చూడొద్దూ?" అంటూ ఇంకోటి తీసుకుంది.