అరవై మీటర్ల దగ్గర మా బిందెలు

నీళ్ల ట్యాంకరు మన బిందెల ముందు ఆగకపోవడం ఒక వరం. కాదంటారా? అయితే మా ఆయన ఆంజినప్పతో ఒక్క నెల కాపురం చేసి చూడండి!

గుంతకల్లులో ముప్పై ఏళ్లు గూడ్సు బండ్లు నడిపి రిటైరైన మనిషి. మా పామిడి వీధికి నాలుగు రోజులకోసారి ట్యాంకరు వస్తుంది. అది ఆగిన చోట ఎవరి బిందెలుంటే వాళ్లదే ముందు వరుస. కొళాయి లేదా అంటారా? ఉంది. తువ్వాలు ఆరేసుకోవడానికి బాగుంటుంది.

ఈమధ్య డ్రైవరు మారాడు. కొత్తవాడు ఓబుళేసు ఎక్కడ ఆపుతాడో ఎవరికీ తెలియదు. మా ఆయన అతన్నే అడిగి వచ్చాడు. వీధి మలుపులో బ్రేకు తొక్కేటప్పుడు వేగం సెకనుకు పది మీటర్లు, ఆగడానికి ఆరు సెకన్లట.

"పది ఆర్లు అరవై," అని మలుపు నుంచి అడుగులేసి కొలిచి, అక్కడ మా ఎనిమిది బిందెలూ పేర్చాడు.

"వేగం సున్నాకి తగ్గుతా వస్తాది గదా, సగటున ఐదే. ముప్పై మీటర్లకే ఆగుతాది," అన్నాను. నాది ముప్పై అయిదేళ్ల కిందటి బీఎస్సీ. అందులోనూ దోసె తిరగేస్తూ చెప్పాను, చెల్లలేదు.

"బ్రేకుల సంగతి నాకు చెప్తాండావా?"

ట్యాంకరు ముప్పై మీటర్లకే, మా వీధిలోనే ఉండే బయమ్మ గడప ముందు ఆగింది. బండి తప్పు చోట ఆగిందన్నాడు మా ఆయన. రెండోసారీ, మూడోసారీ బండిదే తప్పు. వీధిలో వాళ్లు ముందే బిందెలు అక్కడికి మార్చేసుకున్నారు. మావి మాత్రం సిద్ధాంతానికి కట్టుబడి అరవై దగ్గరే నిలబడ్డాయి. వరుస చివర మాకు దక్కింది సగం బిందె.

ఎన్ని లాభాలనుకున్నారు! సబ్బు అరగడం లేదు. కడగడానికి నీళ్లు లేక ఇద్దరం ఒకే పళ్లెంలో తింటున్నాం. పెళ్లయిన కొత్తలో కూడా ఇంత అన్యోన్యం లేదు.

నాలుగోసారికి ఇంట్లో చెంబుడు నీళ్లే మిగిలాయి. మా ఆయన నేరుగా డ్రైవరు దగ్గరికి పోయాడు.

"ఏమప్పా, బండి అరవై మీటర్లు రావల్ల. ఈడ ఆపితే ఎట్లా?"

"బ్రేకు తొక్కినంక గూడా అదే జోరుతో పోతే దాన్ని బ్రేకంటారా అన్నా?" అన్నాడు ఓబుళేసు.

వీధంతా నవ్వింది. ట్యాంకరు అడుగంటుతోంది. పైపు బయమ్మ చేతిలో ఉంది.

"ఇంగ నాలుగు బిందెలకు ఉండాయి. తప్పు బండిదా, నీదా? చెప్పన్నా, ఇడుస్తా," అంది బయమ్మ.

మా ఆయన నన్ను చూశాడు. నేను ఖాళీ బిందెలను చూశాను.

"నాదే," అన్నాడు. "ఆ పొద్దు మా ఇంట్లో ఆమె సరిగ్గానే చెప్పింది. ఇననిది నేనే."