తాడు లాగిన పొడి

బలం కండల్లో ఉంటుందని నమ్మే అమాయకులు మన రాష్ట్రంలో ఇంకా చాలామందే ఉన్నారు. పాపం, వాళ్లెవరూ ఫారం 7-బి చూసి ఉండరు. బలం ఉండేది ఆ ఫారంలో పద్నాలుగో గడిలో. ఆ గడి నిండితే మనిషి బలవంతుడు. ఖాళీగా ఉంటే, వాడు కొండనెత్తినా రికార్డు ప్రకారం ఎత్తింది గాలి.

సదరు గడిని నింపే భారం జిల్లా క్రీడాబల ధ్రువీకరణ ఉపసంఘం మోస్తోంది. కన్వీనరు ఉదయ్‌భాస్కర్ గారు. సర్వీసు మొత్తం మీద ఆయన లాగినవి రెండే: ఒకటి ఫైలు, రెండోది కాలం. (రెండింటిలోనూ రాష్ట్రస్థాయి.)

ఈ ఉపసంఘానికి ఒకనాడు గది నిండా డబ్బాలు వచ్చాయి. ‘ఉక్కుశక్తి నైన్’ అనే కొత్తరకం క్రీడాపోషక పొడి. ఆరు వారాలు తాగితే ఆటగాడి సత్తా ముప్ఫై శాతం పెరుగుతుందని డబ్బా మీదే రాసి ఉంది. లోకంలో ఎవడి డబ్బా వాడు కొట్టుకోవడం చూశాం గానీ, డబ్బాయే తన డబ్బా తాను కొట్టుకోవడం అదే మొదలు. పరీక్ష తప్పినవాడికి సప్లిమెంటరీ ఉన్నప్పుడు, పట్టు తప్పినవాడికి సప్లిమెంటు ఉంటే తప్పేముంది? అయినా పైనుంచి ఒక కాగితం వచ్చింది: ఇది నిజంగా పనిచేస్తుందో లేదో శాస్త్రీయంగా తేల్చవలెను.

శాస్త్రీయంగా అనగానే ఉదయ్‌భాస్కర్ గారికి ఉప్పాడ తట్టింది. ఇంట్లోవాళ్లకి పట్టుచీర కొనడానికి ఎలాగూ వెళ్లాల్సి ఉంది.

ఉప్పాడ ఒడ్డున త్రిమూర్తులు అనే మత్స్యకారుడున్నాడు. తాడులాగుడు పందెంలో వాడి జట్టుకు చుట్టుపక్కల ఎదురులేదు. అప్పటికి వాడి వయసు ఇరవైతొమ్మిదేళ్ల పదినెలలు. ఈ పదినెలలు ముఖ్యం. తీర రక్షక సహాయకుడి పోస్టు ఒకటి క్రీడల కోటాలో పడింది. గరిష్ఠ వయసు ముప్ఫై. కావలసినది పద్నాలుగో గడి నిండిన సర్టిఫికెట్టు. పొడి పరీక్షలో పాల్గొంటే అది ఇస్తామన్నారు.

“ఇల్లు ఇప్పటికి మూడుసార్లు వెనక్కి జరిపాం రా,” అంది వాళ్లమ్మ లోవమ్మ. “మనం ఎంత జరిగితే సముద్రం అంత జరుగుతుంది. నీకు జీతమంటూ వస్తే ఈసారి ఏకంగా ఊళ్లోకే జరిగిపోదాం. ఆ పొడేదో తాగెయ్యి.”

పదహారు మందిని ఎనిమిదేసి మంది చొప్పున రెండు జట్లు చేశారు. ఒకదానికి త్రిమూర్తులు పెద్ద, రెండోదానికి వాడి బావ భీమరాజు. భీమరాజు జట్టుకు ఎర్రమూత డబ్బాలు, త్రిమూర్తులు జట్టుకు తెల్లమూత డబ్బాలు. ఒకదాంట్లో అసలు పొడి, ఇంకోదాంట్లో చాక్లెట్ వాసన పట్టించిన వేయించిన శనగపిండి. ఏ మూత కింద ఏముందో కాగితం మీద రాసి, కవరులో పెట్టి బీరువాలో దాచారు. తాగేవాడికీ తెలియకూడదు, ఇచ్చేవాడికీ తెలియకూడదు. ఎవరికీ ఏమీ తెలియకుండా పని జరిగిపోవడాన్ని శాస్త్రంలో ఏమంటారో గానీ, మన ఆఫీసుల్లో పరిపాలన అంటారు.

పరీక్ష కాగితంలో నాలుగో నిబంధన దగ్గర త్రిమూర్తులు ఆగాడు. పరీక్షాకాలంలో ఇతర వ్యాయామం నిషేధం అని ఉంది.

“మరి రోజూ తెల్లారే అలివి వల లాగుతామండి,” అన్నాడు.

“అంటే?”

“ఒడ్డున నిలబడి సముద్రంలోంచి వల లాగడమండి. ఈ తాడుకి ఎనిమిది మందిమి, ఆ తాడుకి ఎనిమిది మందిమి. మూడు గంటలు పడుతుందండి.”

ఉదయ్‌భాస్కర్ గారు కలం మూత తీశారు. “సరదాకా, కూటికా?”

“కూటికేనండి.”

“అయితే వ్యాయామం కాదు. జీవనోపాధి.” వ్యాయామం గడిలో ‘నిల్’ అని రాసి, కింద త్రిమూర్తులు చేత సంతకం పెట్టించారు.

“ఆయ్,” అన్నాడు త్రిమూర్తులు. రోజూ మూడు గంటలు తాను ఏమీ చెయ్యడం లేదని వాడికి ఆరోజే తెలిసింది.

జీపు వెళ్లిపోయింది. ఒడ్డున ముప్ఫైరెండు డబ్బాలు మిగిలాయి. శాస్త్రవేత్తలకు తెలియని సంగతి ఒకటి ఇక్కడ చెప్పుకోవాలి. ఆ ఒడ్డున వలలో పడిందైనా, అలకు కొట్టుకొచ్చిందైనా, ఎవరో చేతిలో పెట్టిందైనా ఒక్కడి సొత్తు కాదు. కుప్ప పోసి వాటాలు వెయ్యాల్సిందే. మనిషికో వాటా, పడవకో వాటా, వలకో వాటా, జ్వరంతో పడుకున్నవాడికి అరవాటా. వాటాలు వేసినవాడు తనది చివర తీసుకోవాలి. తాతల నాటి నుంచి ఈ పద్ధతి తప్పిన పడవ ఆ ఊళ్లో లేదు.

త్రిమూర్తులు టార్పాలిను పరిచి ముప్ఫైరెండు మూతలూ తీశాడు.

“ఒరే, ఎర్రవి మాకూ తెల్లవి మీకూ అన్నాడు కదరా సారు,” అని నసిగాడు భీమరాజు. “కలిపేస్తే ఏమంటాడో?”

“నీ వైపు ఖరీదైన వంజరం చేపలు పడి నా వైపు చవక కవళ్లు పడితే ఏం చేస్తాం బావా?”

“కలిపేస్తాం.”

“మరి?”

మరి లేదు. పారతో కలిపేశారు. పాలలో కలుపుకోమని డబ్బా మీద రాసి ఉంటే, వీళ్లు పాళ్లు వేసుకుని కలుపుకున్నారు. పడవ వాటా పడవ యజమాని పట్టుకెళ్లాడు. జ్వరంతో మంచంలో ఉన్న పాపాయి అనే జాలరికి అరవాటా పంపారు. వల లోవమ్మది కాబట్టి వల వాటా ఆవిడకొచ్చింది. ఆవిడ అందులో రొయ్యలు పొర్లించి వేయించింది.

“పిండి బాగానే పట్టిందిరా,” అంది రుచి చూసి. “తియ్యగా ఏడిసింది గానీ.”

ఆరు వారాలు గడిచాయి. బలం కొలిచే యంత్రం సరిగ్గా ఆరు వారాలు పూర్తయ్యాక వచ్చింది. (మొదట్లోనే రావలసింది. దాన్ని లాగే బలం గలవారు దొరకలేదట.) కాబట్టి పొడి తాగకముందు వీళ్ల బలం ఎంతో అంచనా వెయ్యవలసి వచ్చింది. అంచనాకు ఆధారంగా ఉపసంఘం సభ్యులే తమ పిడికిళ్లు బిగించి సగటు తీసి ఇచ్చారు. ఆ సగటు మీద లెక్కిస్తే పదహారు మందికీ బలం రెండువందల పది శాతం పెరిగింది.

తర్వాత రెండు జట్లకూ పందెం. ఉదయ్‌భాస్కర్ గారు ఈల వేశారు. తాడు బిగిసింది. బిగిసి, అలాగే ఉండిపోయింది. అయిదు నిమిషాలకు ఆయన టీ తెప్పించుకున్నారు. పది నిమిషాలకు ఒక కాకి వచ్చి తాడు మీద వాలింది. వీళ్లు రోజూ ఒకే వలను రెండు వైపుల నుంచి ఒకే లయలో లాగే మనుషులు. ఒకడి కంటే ఒకడు గింజెడు ఎక్కువ లాగితే వల వంకరపోతుంది. పంతొమ్మిదో నిమిషంలో తాడే ఓడిపోయింది. అది తెగడంతో రెండు జట్లూ రెండు వైపులా వెల్లకిలా పడ్డాయి.

నివేదిక ఇలా వచ్చింది: ‘ఎర్రమూత, తెల్లమూత సమానంగా పనిచేశాయి. కావున ఉక్కుశక్తి నైన్ అద్భుతంగా పనిచేయుచున్నది. శనగపిండి కూడా అద్భుతంగా పనిచేయుచున్నది. పథకమును తీరప్రాంతమంతటా విస్తరింపవలెను.’

సర్టిఫికెట్టు చేతికొచ్చినరోజు త్రిమూర్తులుకు ముప్ఫై నిండడానికి పదకొండు రోజులు మిగిలాయి. పద్నాలుగో గడి నిండుగా ఉంది: బలం, రెండువందల పది శాతం అధికం. పక్కనే పదిహేనో గడి ఒకటి ఉందని వాడు చూసుకోలేదు. పోస్టుల సెక్షనులో అలేఖ్య గారనే సూపరింటెండెంటు చూసింది.

“బలానికి కారణం: పొడి అని ఉందండి ఇక్కడ,” అందావిడ.

“అయితే ఏంటండి?”

“పెరిగిన బలం పొడిది కదండీ. అది తీసేస్తే మీ సొంతానికి మిగిలేది ఉపసంఘం వారి సగటు. ఆ బలంతో మీరు సముద్రంలో దిగితే, మిమ్మల్ని బయటికి లాగడానికి మేం ఇంకో పోస్టు వెయ్యాలి.”

త్రిమూర్తులు అక్కణ్ణుంచి సరాసరి ఉదయ్‌భాస్కర్ గారి దగ్గరికి పరుగెత్తాడు. “అయ్యా, అది పొడి బలం కాదండి. మేం రెండూ కలిపేసి పంచేసుకున్నామండి. మా అమ్మ రొయ్యల్లో కూడా వేసేసిందండి. మా ఒంట్లో ఉన్నది వల లాగిన బలమండి.”

ఆయన ఫైలు తిప్పి చూపించారు. “వ్యాయామం, నిల్. సంతకం నీదేనా?”

“నాదేనండి.”

“ఇంక కలిపేశారన్న సంగతి. అది రాశామనుకో, పరీక్ష రద్దవుతుంది. పరీక్ష రద్దయితే సర్టిఫికెట్టూ రద్దు. మళ్లీ ఆరు వారాలు తాగాలి.”

“నాకు పదకొండు రోజులే ఉన్నాయండి.”

“అందుకే రాయట్లేదయ్యా. నీ సర్టిఫికెట్టు నీ దగ్గరే ఉండనీ.” ఆయన గొంతులో నిజంగానే దయ ఉంది.

పన్నెండో రోజున త్రిమూర్తులు వయోపరిమితి దాటాడు. ఆ వారమే అమావాస్య పోటుకు లోవమ్మ వంటగది గోడ సముద్రంలోకి వెళ్లిపోయింది. ఆవిడ పొయ్యిరాళ్లు తీసుకుని నాలుగడుగులు వెనక్కి వచ్చి, నాలుగోసారి ఇల్లు మొదలుపెట్టింది.

పోస్టు ఖాళీగానే మిగిలింది. పథకం మాత్రం విస్తరించింది. ప్రారంభోత్సవానికి ఆరువందల డబ్బాలతో వ్యాను వచ్చి, ఫొటో బాగా పడుతుందని అలల దగ్గరదాకా వెళ్లి, ఇరుసు వరకు ఇసుకలో కూరుకుపోయింది. పోటు ఎక్కుతోంది. ఉదయ్‌భాస్కర్ గారు చెప్పులు చేత్తో పట్టుకుని, వల బాగుచేసుకుంటున్న త్రిమూర్తులు దగ్గరికి పరుగున వచ్చారు.

“త్రిమూర్తులూ! నీ పదహారు మందినీ పిలువు బాబూ. తాడు కట్టి లాగండి, తొందరగా!”

త్రిమూర్తులు లేచి నిలబడ్డాడు. “మాలో ఎవరికీ సొంతబలం లేదని మీరే రాశారు కదండీ. లాగొచ్చాండి మరి?”

“దీనికి ఫర్వాలేదయ్యా,” అన్నారాయన, నీళ్ల వైపు చూస్తూ. “ఇది బలం కిందకి రాదు. సాయం కిందకి వస్తుంది.”