సాక్షి నంబరు ఒకటి, సౌండు ముప్పై ఆరు

సౌభాగ్యమ్మ శవం టీవీల్లో పడి ఆ రోజుకి నాలుగు రోజులు. పంచనామా పూర్తి కాలేదు కాబట్టి ఊళ్లో ఎవరూ ఛానల్ మార్చడానికి వీల్లేదు. 'ఏడు గడపలు' సీరియల్ పద్దెనిమిది వందల అరవై రెండో ఎపిసోడ్‌లో, సోమవారం సాయంత్రం ఏడూ నలభై ఆరుకి, ఆవిడ సోఫా పక్కన బోర్లా పడిపోయింది. చూసినవాళ్లందరూ ప్రత్యక్ష సాక్షులు. చూపించిన టీవీలన్నీ నేరస్థలాలు. ఒక్క మూడో వార్డులోనే నాలుగు వందల పన్నెండు టీవీల చుట్టూ పోలీసులు పసుపు టేపు కట్టారు. ప్రకటనలకి మినహాయింపు ఉంది కనక అవి శవం మీంచే వస్తూ పోతూ ఉన్నాయి. రెండో రోజు శవం ఎడమ చెయ్యి కాస్త సర్దుకుంది. అదీ నమోదు చేసుకున్నారు.

పద్ధతి కొత్తదేమీ కాదు. చూసినవాళ్లుంటేనే నేరం, ఎంతమంది చూస్తే అంత పెద్ద నేరం. సౌభాగ్యమ్మని నలభై లక్షల మంది చూశారు. అందుకని జిల్లా అంతటా పోలీసులకి సెలవులు రద్దయ్యాయి. సరిగ్గా ఆ సాయంత్రమే కాలవగట్టు కాలనీ బి బ్లాకులో హైమ అనే ఇరవై ఆరేళ్ల పిల్ల చనిపోయింది. చూసినవాళ్లు సున్నా. బాత్రూములో జారిపడిందని అరపేజీ రాశారు. ఆ టైములో భర్త హాల్లో 'ఏడు గడపలు' చూస్తున్నాడని అందులో ఒక వాక్యం. సీరియల్ కేసు ముగిశాక ఆ అరపేజీ కూడా దానితోపాటే బీరువాలోకి వెళ్తుంది. తరవాత దాన్ని తీసే అధికారం ఎవరికీ లేదు.

కొప్పిశెట్టి సీతారత్నం హైమ పక్కింట్లోనే ఉంటుంది. మధ్యలో ఒక్క ఇటుక మందం గోడ. యాభై ఎనిమిదేళ్లు, రిటైరైన కుట్టు టీచరు, భర్త పోయి ఆరేళ్లు. సీరియల్ ఒక్క ఎపిసోడ్ కూడా వదల్లేదు కాబట్టి వార్డులో సాక్షి నంబరు ఒకటి ఆమెదే. ఆమె సంతకంతోనే కేసు ముగుస్తుంది. కానీ గురువారం పొద్దున్న ఆమె స్టేషన్‌కి వచ్చింది సౌభాగ్యమ్మ కోసం కాదు. బీరువా మూసేలోగా హైమ గురించి ఒక్క ముక్క రాయించాలని.

"రండమ్మగారూ, కూర్చోండి," అన్నాడు హెడ్ కానిస్టేబుల్ దైవప్రసాదు. "టీ చెప్పనా?"

"టీ సంగతి తర్వాత బాబూ. మా పక్కింటి పిల్ల..."

"ఆగండాగండి. ముందు అర్హత పత్రం. మొదట్నుంచీ మీకు బాగా నచ్చిన ప్రోగ్రాములు వరసగా చెప్పండి. పేరు, సంవత్సరం, సౌండు, ఆ టైములో చుట్టుపక్కల ఏం జరిగిందీ. నాలుగు గడులు. అదుంటేనే మిమ్మల్ని సాక్షి అంటారు."

పక్క బల్ల మీద సాక్షి నంబరు రెండు కూర్చుని ఉన్నాడు. హైమ మొగుడు, యర్రంశెట్టి గోవర్ధన్. మోటార్ల షాపులో సేల్స్‌మన్. మెడలో తెల్ల తుండు. నిన్ననే చిన్నకర్మ అయింది.

"నమస్కారం అత్తయ్యగారూ," అన్నాడు.

సీతారత్నం తల తిప్పుకుని చెప్పడం మొదలుపెట్టింది.

మొదటిది 'కోట తలుపులు'. పంతొమ్మిది వందల ఎనభై ఆరు, ఆదివారాలు. సర్పంచి గారి కిటికీ బయట, చెప్పులు విడిచి నిలబడి చూసేవాళ్లు. చుట్టుపక్కల ఏం జరిగిందని అడిగితే ఏమీ లేదంది. పాకలో మేనత్త ఏడుస్తుంటే, రాజుగారి మాట వినపడటం లేదని కిటికీ దగ్గరున్నవాళ్లందరూ కలిసి ఆవిణ్ణి కసిరిన సంగతి ఆమెకి గుర్తుంది. గడిలో పట్టదేమో అనుకుంది.

రెండోది 'సావిట్లో సరదా'. తొంభై ఎనిమిది. సొంత టీవీ, పద్నాలుగు అంగుళాలది. సౌండు పది. దాన్ని చూసి నవ్వి నవ్వి కడుపు నొప్పొచ్చేది. ఎదురింటి కోడలు బేబీ ఒకసారి రొప్పుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడితే, "కూర్చోవే, అయిపోవచ్చింది," అంది సీతారత్నం. అయిపోయాక చూస్తే బేబీ లేదు. పది రోజుల తర్వాత పుట్టింటికి పోయిందన్నారు. ఏ పుట్టింటికో ఎవరూ అడగలేదు.

"చుట్టుపక్కల?"

"ఏం లేదు."

"అందరూ అదే రాయిస్తారండి," అన్నాడు దైవప్రసాదు. "ఆ గడి ఎందుకు పెట్టారో మాకే తెలీదు."

మూడోది 'పట్టుచీర పందెం'. రెండు వేల తొమ్మిది. అయిదు ప్రశ్నలకి జవాబు చెప్తే చీర. ఆ ఏడే ఆమె కుడి మణికట్టు విరిగింది. కత్తెర పట్టలేక నాలుగు నెలలు బడికి వెళ్లలేదు. అది విరిగిన సాయంత్రం పక్కవాటాలోనూ పందెమే చూస్తున్నారు. ఆమె కేక పెట్టగానే గోడకి అవతల సౌండు పెరిగింది. ఆఖరి ప్రశ్న, దాని జవాబు, చప్పట్లు, అన్నీ ఆమెకి స్పష్టంగా వినిపించాయి. మర్నాడు పక్కింటావిడ గిన్నెడు చారు తెచ్చిచ్చి, ఏమైందని అడగలేదు. అడిగితే నీకు సిగ్గేస్తుందని అడగలేదమ్మా అని ఏడాది తర్వాత చెప్పింది. ఈ వాటాల్లో అదే మర్యాద. గొడవ వినిపిస్తే మనం వింటున్నట్టు వాళ్లకి తెలియకూడదు. సౌండు పెంచాలి.

"చుట్టుపక్కల ఏం లేదని రాసేస్తున్నానండి," అన్నాడు దైవప్రసాదు.

నాలుగోది 'ఏడు గడపలు'. మొదటి రెండేళ్లూ హైమ వచ్చి చాప మీద కూర్చుని ఆమెతోపాటు చూసేది. మేఘన అనే చిన్నకోడలు తెరమీదికొస్తే ఆ పిల్ల మెటికలు విరిచి తిట్టేది. తర్వాత రావడం మానేసింది. ఎందుకమ్మా అంటే, "మా ఇంట్లోనే ఉంది కదా ఆంటీ టీవీ," అంది, పమిట భుజం నిండా కప్పుకుని.

దైవప్రసాదు ఆమె టీవీ కేబుల్ పెట్టెలోంచి తీసిన రికార్డు చదివాడు. "సోమవారం. సౌండు పద్దెనిమిది. ఏడూ నలభై ఒకటికి ముప్పై ఆరు చేశారు. అబ్బ, ఏం శ్రద్ధండీ! జిల్లాలో ఎవరూ అంత పెంచలేదు. ఎస్సైగారు మీ పేరు సన్మానానికి రాశారు."

ఆ ముప్పై ఆరు కింద సీతారత్నానికి ఏం వినిపించిందో ఏ పెట్టెలోనూ లేదు.

తర్వాత గోవర్ధన్ వంతు వచ్చింది. సౌభాగ్యమ్మ ఎలా చచ్చిపోయిందో చెప్పమన్నారు.

"పాలండి," అన్నాడతను తడుముకోకుండా. "మేఘన పాలల్లో విషం కలిపి ఇచ్చింది. తాగి పడిపోయింది. గ్లాసు పక్కనే ఉంది కదండీ, నాలుగు రోజులుగా అందరూ చూస్తున్నదే."

సీతారత్నం లేచి నిలబడింది.

"ఆ పాలు ఆవిడ తాగలేదు," అంది. "ఏడూ నలభై రెండుకి తులసికోటలో పారబోసింది. ఖాళీ గ్లాసు బల్ల మీద పెట్టింది. నలభై నాలుగుకి మేఘన కిళ్లీ ఇచ్చింది. కిళ్లీ వేసుకుని చచ్చిపోయింది. పడేటప్పుడు చెయ్యి తగిలి గ్లాసు దొర్లింది. నలభై ఒకటి నుంచి నలభై ఆరు దాకా ఈయన టీవీ ముందు లేడు!"

స్టేషన్లో గుసగుసలు లేచాయి. చూసిన ప్రతివాడికీ కిళ్లీ సంగతి తెలుసు. చావు జరిగిన ఇంట్లో సీరియల్ కబుర్లు ఎవరు చెప్తారు? అందుకే అతనికొక్కడికే తెలియలేదు. ఎస్సై కుర్చీలోంచి ముందుకి వంగి గోవర్ధన్ వైపు చాలాసేపు చూశాడు.

"ఏమయ్యా, అయిదు నిమిషాలు చూడకుండా ప్రత్యక్ష సాక్షిననుకుంటూ వచ్చావా? పోలీసులంటే ఆటలుగా ఉందా?"

"తప్పయిపోయిందండి."

"దైవప్రసాదూ, ఈయన పేరు కొట్టేయ్. సాక్షి కాదు. బాబూ, నువ్వు ఇంటికెళ్లొచ్చు."

"ఇంటికేటండీ!" సీతారత్నం బల్ల మీద చరిచింది. "ఆ అయిదు నిమిషాలూ ఎక్కడున్నాడో అడగరేం? ఆ పిల్ల అప్పుడే కదా పోయింది!"

"అమ్మా, ఆయన టీవీ చూడలేదని మీరే రుజువు చేశారు. చూడనివాడితో మాకేం పని?" ఎస్సై ఓపిగ్గానే చెప్పాడు. "మీరు చూశారా ఆ పిల్ల సంగతి?"

"విన్నాను."

"విన్నదానికి గడి లేదు."

ఆమె వాంగ్మూలం మీద ముద్ర పడింది. నేరస్థురాలు మేఘన, ఆయుధం కిళ్లీ. చదవకుండానే బొటనవేలు పట్టుకుని ఒత్తించేశారు, సంతకం వచ్చంటున్నా. కానిస్టేబుళ్లు టేపులు తెంచడానికి వార్డులోకి బయల్దేరారు. స్టేషన్ టీవీలో శవాన్ని నలుగురు ఎత్తారు, పెద్దకోడలు గుండెలు బాదుకుంది, సీరియల్ మళ్లీ మొదలైంది. కుర్చీలన్నీ అటు తిరిగాయి. దైవప్రసాదు అరపేజీ ఫైలు చంకలో పెట్టుకుని, కళ్లు టీవీ మీద ఉంచి, బీరువా వైపు నడిచాడు. గోవర్ధన్ బండి తాళాలు వేలికి తిప్పుతూ గుమ్మం దాకా వెళ్లి, పెద్దకోడలు ఏడుపు చూడటానికి ఆగాడు.

"నలభై ఒకటికి 'ఆంటీ' అని పిలిచింది," అంది సీతారత్నం. "గోడ మీద అరచేత్తో కొట్టి పిలిచింది. మూడుసార్లు."

ఎవరూ ఇటు చూడలేదు. ఎస్సై తల వంచుకుని, ఆమెకి సిగ్గేస్తుందేమోనన్న మర్యాదతో, రిమోట్ అందుకుని సౌండు రెండు గీతలు పెంచాడు. ఎవరూ తప్పుగా అనుకోలేదు. ఆ స్థానంలో ఉంటే తనూ అదే చేసేదని సీతారత్నానికి తెలుసు. సోమవారం చేసింది కూడా.

ఆమె గొంతు పెంచింది. ఎస్సై ఇంకో నాలుగు గీతలు పెంచాడు. ఆ టీవీ వంద దాకా వెళ్తుందని ఆమెకి తెలుసు. అయినా ఆమె వెళ్లి తెరకి అడ్డంగా, శవం మోస్తున్న నలుగురి ముందు నిలబడింది. పక్కకి జరగమని వెనకనుంచి ఎవరో విసుక్కున్నారు.

"హైమని చంపింది యర్రంశెట్టి గోవర్ధన్!" అని అరిచింది. "సౌండు పెంచింది కొప్పిశెట్టి సీతారత్నం!"