టాపెట్లు నోరు మూసిన రోజు

ఆ పొద్దున్న జగన్నాధం వేసుకున్న లెక్క చాలా చిన్నది. మూడు ఊళ్లు తిరగాలి, రైతుల దగ్గర నువ్వులు కొనాలి, సాయంత్రానికి విజయనగరం మిల్లు పంపే లారీ నింపాలి. నిండకపోతే వచ్చే సీజన్ ఆర్డరు ఇంకొకరికి పోతుంది. గజపతినగరంలో ఆయన దుకాణం ఆ ఒక్క ఆర్డరు మీదే నిలబడి ఉంది.

లెక్కలో కారును కలపడం మరిచిపోయాడు. అది తండ్రి కొన్న తెల్ల అంబాసిడర్. హారన్ ఎప్పుడో పోయింది. ఏళ్ల తరబడి ఉన్న టకటక మోత ఆ వారం మరీ ఎక్కువైంది.

"పిస్టన్ పోనాది బావా. వీడియోలో సూసినాను. దార్లో ఇంజను పట్టీస్తాది," అన్నాడు బావమరిది మోహనకృష్ణ.

"నీ వీడియోలకో దండంరా," అంటూనే జగన్నాధం కారును మెకానిక్ కొండబాబు షెడ్డుకు తిప్పాడు. దారిలో ఆగితే ఆర్డరు పోతుంది, షెడ్డులో ఆగితే పూట పోతుంది. పూటే చవక.

కొండబాబు పొడవాటి స్క్రూడ్రైవర్ మొనను ఇంజన్ మీద పెట్టి, పిడిని చెవికి ఆనించుకుని కళ్లు మూసుకున్నాడు.

"ఏటి, నిద్రోతన్నావా?" అన్నాడు జగన్నాధం.

"మాటాడకండి బాబూ. సప్పుడు ఇంతన్నాను కదా... టాపెట్లే ఇవి. పిస్టన్ కాదు."

మూత విప్పి, వాల్వులను నొక్కే రాకర్ల నట్లు వదులైపోయాయని చూపించాడు. మధ్యలో సందు పెరగడంతో రాకరు వాల్వును నొక్కడం మాని మొత్తుతోంది. సన్నని రేకుల గేజిని దూర్చి ఒక్కొక్క సందూ సరిచేసి, నట్లు బిగించాడు. స్టార్టు చేశాక, ఇంజన్ నడుస్తోందో లేదో తెలుసుకోవడానికి జగన్నాధం బానెట్ మీద చెయ్యి వేసి చూడవలసి వచ్చింది.

మొదటి ఊరి మలుపులో కారు కనబడగానే వీధిలో తలుపులన్నీ మూసుకున్నాయి. ఇద్దరు మనుషులు కరెంటు తీగలకు తగిలించిన కొక్కేలను కర్రలతో లాగేసి పరుగెత్తారు. మోహనకృష్ణ త్రాసు భుజాన వేసుకుని ఒక తలుపు తట్టాడు.

"ఇంట్లో మగోళ్లు లేరు," అంది లోపలినుంచి ఒక మగ గొంతు.

"మరి నువ్వెవరివి?"

లోపల కాసేపు ఆలోచన జరిగింది. "నానూ లేను."

రెండో ఊళ్లోనూ అంతే, కిరాణా కొట్లు కూడా మూసేశారు. ఎవరో ముందే వచ్చి సరుకంతా కొనేశారని జగన్నాధం తేల్చుకున్నాడు. అప్పుడు భార్య కుమారి ఫోన్ చేసింది.

"ఏటండీ, ఎక్కడున్నారు? తూనికలాఫీసర్లు దిగినారంట! తెల్ల కారంట. ఒకడు భుజాన త్రాసేసుకుని తలుపులు తడతన్నాడంట. మన త్రాసు దాసీయండి!"

జగన్నాధం వెనక సీట్లోని త్రాసు వైపు చూశాడు. రాళ్లు పెట్టే పళ్లెం అడుగున ఆయన అతికించిన సీసపు ముద్ద ఉంది. దాని బరువుకు సరిపడా రైతు ప్రతిసారీ నాలుగు గింజలు ఎక్కువ పోసేవాడు. ఆ నాలుగు గింజలే ఆయన లాభం. ఇక ఆలోచించలేదు. చంపావతి వంతెన మీద కారు ఆపి, త్రాసును నదిలోకి విసిరేశాడు. ముందూ వెనకా చూశాడు. తెల్ల కారు ఎక్కడా కనబడలేదు. హమ్మయ్య అనుకుని తన తెల్ల కారెక్కాడు.

మూడో ఊళ్లో నువ్వుల రైతు అసిరమ్మ కర్ర పట్టుకుని రోడ్డుకు అడ్డంగా నిలబడింది.

"ఏటిరా జగ్గా, నీ కారుకి నోరు పడిపోనాదా? సప్పుడు నేకండా ఒస్తే కరెంటాఫీసరనీసి ఒక ఊరు, తూనికలాఫీసరనీసి ఇంకో ఊరు తలుపులేసుకున్నాయి. నాను దగ్గిరికొచ్చి నీ మొకం సూసినాను కాబట్టి సరిపోనాది."

జగన్నాధం బావమరిది వైపు చూశాడు. బావమరిది నది వైపు చూశాడు.

"నువ్వులు కొంతావా, నేదా?"

"త్రాసు లేదు పిన్నీ."

"దానికేటి? మావోడు కొన్న కంప్యూటర్ కాటా ఉన్నాది. దాని మీద తూయ్."

ఆమె రెండు ఊళ్లకూ ఫోన్లు చేయించింది. వచ్చింది జగన్నాధమేనని తెలిసి, తలుపులు తెరుచుకున్నాయి, బస్తాలు ఆటోలెక్కి వచ్చి ఆ కాటా మీదే తూగాయి. పొద్దు వాలేసరికి లారీ నిండింది.

మిల్లులో లారీని తూచిన మేనేజరు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"జగన్నాధం గారూ, మీ తూకమూ మా తూకమూ కిలో తేడా లేకుండా కలిశాయి. ఇన్నాళ్లూ మీ సరుకు చెప్పినదానికంటే ఎక్కువే తూగేది. రైతుల్ని ముంచుతున్నారని మా ఓనరు అనుమానం. ఈసారితో మిమ్మల్ని మానేద్దామనుకున్నారు. ఇక ఆ మాట లేదు. వచ్చే సీజనూ మీకే. ఒకటే షరతు, ఇవాళ తూచిన కాటా మీదే తూచాలి."

జగన్నాధం నవ్వడానికి ప్రయత్నించి, సంతకం చేశాడు.

తిరుగు ప్రయాణంలో ఆయన బావమరిదితో ఒక్క మాట మాట్లాడలేదు. కారూ మాట్లాడలేదు.